ఆఖరి స్థానానికి అదనపు బాధ్యత

మంత్రులకు తెలియని ప్రశ్నలు ఉండవు. తెలియని జవాబులు ఉంటాయి, అంతే. ఆ జవాబులు వెతకడానికే ప్రభుత్వం శాఖలు పెట్టింది.

ఆ ఏడు శ్రావణమాసంలో యువజన వినోద శాఖ మంత్రిగారు ఒక ఇంజనీరింగ్ కాలేజీ వేడుకకి వెళ్ళారు. జ్యోతి వెలిగించారు, యువతే దేశానికి వెన్నెముక అన్నారు, మెట్లు దిగబోతున్నారు. వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు.

"సార్, 'గగనదళం' గేము ఎనిమిది పార్టులొచ్చాయి కదా. మీ లెక్కలో ఏది ఫస్టు, ఏది లాస్టు?"

మంత్రిగారు పి.ఎ. వంక చూశారు. పి.ఎ. నేల వంక చూశాడు. నేలకి కూడా తెలియలేదు. మంత్రిగారు మైకు దగ్గరకి లాక్కుని, "ఈ విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది. మొదటి స్థానం నుంచి ఆఖరి స్థానం దాకా అధికారిక ర్యాంకులు విజయదశమికి ప్రకటిస్తాం!" అనేశారు. పిల్లలు ఈలలు వేశారు. ఈలలు పడ్డాక మాట వెనక్కి తీసుకోవడం ఏ ప్రభుత్వానికీ చేతకాదు.

ఆ మాట జీవోగా మారి, బందరు రోడ్డులో అద్దె మేడలో ఉన్న డైరెక్టరేటుకి వచ్చింది. అక్కడ ప్రతి సెక్షనూ నాది కాదంటే నాది కాదంది. అలా ఎవరిదీ కాని కాగితాలన్నీ చివరికి చేరేది 'ఇతరములు' సెక్షనుకి. దానికి సూపరింటెండెంటు మంథా లింగమూర్తి.

లింగమూర్తి పెద్దగా చదువుకున్నవాడు కాదు. బి.ఏ. మూడో తరగతి. పొద్దున్నే స్నానం చేసి, అరచేతిలో ఇమిడే శివలింగం మీద చెంబుడు నీళ్ళు పోసి, నాలుగు మారేడు దళాలు వేసి, పెరుగన్నం డబ్బాతో ఆఫీసుకి పోవడం ఆయన దినచర్య. పెళ్ళయిననాటి నుంచి భార్య కనకవల్లి ఆయన్ని అడిగింది ఒకటే, కేదారం చూపించమని. ఒక ఏడు ఎన్నికలు, ఒక ఏడు ఆడిట్టు, ఒక ఏడు జనాభా లెక్కలు. ఈ ఏడు మోకాళ్ళ డాక్టరు తేల్చి చెప్పాడు. "ఈసారికి కొండ ఎక్కగలరమ్మా. వచ్చే ఏటి సంగతి నేను హామీ ఇవ్వలేను." దీపావళి వెళ్ళగానే కేదారంలో గుడి తలుపులు మూసేస్తారు. ఆ లోపు వెళ్ళాలి. లింగమూర్తి సెలవు చీటీ పట్టుకుని జాయింట్ డైరెక్టరు రాజశేఖరం గారి గదిలోకి వెళ్ళాడు.

"సెలవు నేను కాదంటానా లింగమూర్తిగారూ? ఎప్పుడైనా కాదన్నానా?"

"లేదండి. అవునని కూడా అనలేదండి."

"అదీ సంగతి. ర్యాంకుల లిస్టు నా చేతిలో పెట్టండి. సెలవు మీ చేతిలో పెడతాను. స్వామివారు ఎక్కడికీ పోరు కదా?"

"స్వామి పోరండీ. తలుపులు మూసేస్తారు."

లింగమూర్తి బల్ల దగ్గరకి వచ్చి, సెక్షన్లో కాంట్రాక్టు మీద టైపు చేసే ఝాన్సీని అడిగాడు. "అమ్మాయ్, ఈ గగనదళం అంటే ఏమిటి?"

ఝాన్సీ కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళలో ఆ ఆఫీసులో ఆమెకి తెలిసిన విషయం ఒకటి అడిగారు. "ఒక సైనికుడుంటాడు సార్. ఇనప కవచం వేసుకుని వేరే గ్రహాలకి వెళ్ళి బల్లి మనుషుల్ని తుపాకీతో కాల్చేస్తాడు. ఇరవై ఏళ్ళ నుంచీ కాలుస్తూనే ఉన్నాడు."

"బల్లి మనుషులు మన ఊరు వచ్చారా?"

"లేదు సార్. మనమే వాళ్ళ ఊరు వెళ్ళాం."

"మరి వాళ్ళని శత్రువులంటామేం?"

ఝాన్సీ వేళ్ళ మీద ఎనిమిది పార్టులూ లెక్కపెట్టింది. "అది ఏ పార్టులోనూ చెప్పలేదు సార్," అంది.

మర్నాడు సమావేశం. రాజశేఖరం గారు కళ్ళజోడు తుడుచుకుని ప్రారంభించారు. "ఏది బాగుంది, ఏది బాలేదు అన్నది అభిప్రాయం. అభిప్రాయం మీద ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ప్రభుత్వంలో ముందూ వెనకా తేల్చేది ఒక్కటే. సర్వీసులో చేరిన తేదీ. కాబట్టి ఇది సీనియారిటీ జాబితా."

లింగమూర్తికి ప్రాణం లేచొచ్చింది. మొదటి పార్టు మొదట, ఎనిమిదో పార్టు చివర. మధ్యాహ్నం భోజనం లోపల అయిపోయే పని. ఇంటికి ఫోను చేసి పెట్టె సర్దమందామనుకున్నాడు కూడా. ఇంతలో ఝాన్సీ నోరు విప్పింది.

"సార్, ఐదో పార్టు కథ మొదటి పార్టు కన్నా వందేళ్ళు ముందు జరుగుతుంది."

రాజశేఖరం గారు కుర్చీలోంచి లేచారు. ముఖంలో ఒక కాంతి. "అంటే చేరింది వెనక. కానీ ఉన్నది ముందు నుంచీ! లింగమూర్తిగారూ, దీన్నేమంటారు? నోషనల్ సీనియారిటీ! ఐదోది ఒకటో స్థానం. రాసుకోండి."

"మొదటి పార్టుని మొన్న కొత్త బొమ్మలతో మళ్ళీ విడుదల చేశారు సార్," అంది ఝాన్సీ. ఆపుకోలేకపోయింది, పాపం.

"రిటైరయ్యాక జుట్టుకి రంగేసుకుని మళ్ళీ చేరిందన్నమాట. పునర్నియామకం! పునర్నియామకానికి పాత సర్వీసు లెక్కలోకి రాదు. ఒకటోది ఆఖరి స్థానం."

ఆ విధంగా అన్నిటికన్నా పెద్దది అన్నిటికన్నా చిన్నదైంది. "ఇది తాత్కాలిక జాబితా. ప్రజల అభ్యంతరాలకి గడువు ఇవ్వాలి. అభ్యంతరాలు రావనుకోండి. అయినా పద్ధతి పద్ధతే," అన్నారు రాజశేఖరం గారు.

అభ్యంతరాలు లారీలో వచ్చాయి.

ఆ ఊళ్ళో ఎనిమిది పార్టులకీ ఎనిమిది అభిమాన సంఘాలున్నాయని ప్రభుత్వానికి అప్పుడే తెలిసింది. ఐదో పార్టు సంఘం ఆఫీసు గుమ్మంలో మిఠాయిలు పంచింది. నాలుగో పార్టు సంఘం, పుట్టిన నాటి నుంచీ తమ పార్టుకి అన్యాయం జరుగుతోందని నల్ల బ్యాడ్జీలు పెట్టుకుంది. మూడో పార్టు సంఘానికి కార్యదర్శి ఝాన్సీయే. మధ్యాహ్నం భోజన విరామంలో బయటికి వెళ్ళి, నినాదాలు చేసి, వినతిపత్రం పట్టుకుని లోపలికి వచ్చి, తన సీట్లో కూర్చుని, అందినట్టు తనే తనకి రసీదు రాసి ఇచ్చుకుంది.

మొదటి పార్టు సంఘంలో అంతా నలభై దాటినవాళ్ళు. ఒకాయన బ్యాంకు మేనేజరు. మెట్ల మీద నిరాహారదీక్షకి కూర్చున్నాడు. సాయంత్రం దిగుతూ లింగమూర్తి ఆయన పక్కన ఆగాడు.

"నాయనా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ ఆట ఆడినప్పుడు నీకు సంతోషంగా ఉందా?"

"నా జీవితంలో అంత సంతోషం లేదండి! మా ఆవిడకి చెప్పకండి."

"మరి ఎవడో దాన్ని ఎనిమిదోదంటే ఆ సంతోషం తగ్గుతుందా?"

"తగ్గదూ? ర్యాంకు లేని సంతోషం ఏం సంతోషమండీ!" అన్నాడు బ్యాంకు మేనేజరు, కళ్ళనీళ్ళు పెట్టుకుని. లింగమూర్తి తన డబ్బాలో మిగిలిన పెరుగన్నం ఇవ్వబోయి, దీక్షలో ఉన్నాడని గుర్తొచ్చి, మూతపెట్టి వెళ్ళిపోయాడు.

కేదారానికని లింగమూర్తి కొన్న రైలు టిక్కెట్లు రద్దయ్యాయి. మళ్ళీ కొన్నారు.

ఈలోగా ప్రభుత్వ న్యాయ సలహాదారు ఫైలు మీద రాశాడు. ఎవరినైనా ఆఖరి స్థానంలో పెట్టేముందు వారి వాదన వినాలి, అది సహజ న్యాయం. కాబట్టి గగనదళం ఒకటో పార్టుకి సంజాయిషీ నోటీసు తయారైంది. చిరునామా తెలియకపోవడంతో చట్ట ప్రకారం దాన్ని యువజన కేంద్రంలో ఉన్న పాత గేము పెట్టె మీద అంటించారు. గడువులో జవాబు రాలేదు. స్వయంగా హాజరు కావాలన్నారు.

విచారణ రోజున పెట్టెని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. అటెండరు అప్పలసామి వరండాలోకి వెళ్ళి మూడుసార్లు కేకేశాడు. "గగనదళం ఒకటో పార్టూ... హాజర్!" ఝాన్సీ స్విచ్చి వేసింది. సంగీతం వచ్చింది. తెర మీద అక్షరాలు వెలిగాయి. కొనసాగించాలా? అవును. కాదు.

"ఇక్కడ ప్రశ్నలు వేసేది నేను," అన్నారు రాజశేఖరం గారు.

తెర అలాగే అడుగుతూ ఉంది.

"ఎదురు ప్రశ్న. నమోదు చేసుకోండి. లింగమూర్తిగారూ, ప్రతివాదికి మాట రాదు కాబట్టి నిబంధనల ప్రకారం మీరు సహాయకుడు. ఆ మీటలు తీసుకుని దాని తరఫున నడపండి."

చీమల బారు చూస్తే తొక్కకుండా దాటి వెళ్ళే మనిషి లింగమూర్తి. రెండు చేతుల్తో మీటల పెట్టె పట్టుకున్నాడు. తెర మీద ఎర్రటి ఎడారి, అందులో కవచం వేసుకున్న సైనికుడు. రాతి చాటు నుంచి బల్లి మనిషి వచ్చాడు. అంత దగ్గరగా చూసేసరికి లింగమూర్తికి అలవాటు ప్రకారం చేతులు జోడించబుద్ధేసింది. జోడించాడు. మీటల పెట్టె కింద పడింది. బల్లి మనిషి సైనికుణ్ణి కొట్టేశాడు.

ఝాన్సీ వంగి మీటల పెట్టె తీసింది.

"విచారణ నడుస్తుండగా ప్రతివాది మరణించెను," అని రాయించబోయారు రాజశేఖరం గారు.

"ఇంకా రెండు ప్రాణాలున్నాయి సార్," అంది ఝాన్సీ.

"ఒక్క ఉద్యోగికి మూడు ప్రాణాలా? ఆర్థిక శాఖ అనుమతి ఉందా?"

లేదు. విచారణ వాయిదా పడింది. ప్రతివాదిని ప్రభుత్వం చంపిందన్న వార్త ఊరంతా పాకింది. మెట్ల మీద దీక్షలో ఉన్న బ్యాంకు మేనేజరు పక్కన మరో ఇరవైమంది బ్యాంకువాళ్ళు కూర్చున్నారు. ఆ వీధిలో ఎవరి చెక్కులూ మారలేదు.

దశమి నాలుగు రోజుల్లోకి వచ్చింది. మంత్రిగారే ఫోను చేశారు. ఫోను రాజశేఖరం గారి చెవి దగ్గరున్నా మాటలు వరండాలోకి వినిపించాయి. "అందరికీ ఫస్టు ఇచ్చెయ్యవయ్యా! ఇవ్వడానికి మన సొమ్మేం పోయింది?"

ఎనిమిదింటికీ ప్రథమ స్థానం. సంఘాలన్నీ టపాకాయలు కాల్చాయి. ఓ గంట గడిచింది. తరవాత ఒక్కొక్కరే నెమ్మదిగా వెనక్కి వచ్చారు.

"అయితే మా కింద ఎవరున్నారు?" అని అడిగింది ఐదో పార్టు సంఘం.

"కింద ఎవరూ లేకపోతే అది ఫస్టు ఎలా అవుద్దండీ?" అంది నాలుగోది.

పైగా 'ఆఖరి స్థానం దాకా' ప్రకటిస్తామని మంత్రిగారి మాట. అంటే ఆఖరి స్థానమనేది ఒకటి మంజూరై ఉంది. కానీ ఖాళీగా ఉంది. ప్రభుత్వంలో మనుషులు ఖాళీగా ఉండొచ్చు, స్థానం ఖాళీగా ఉండకూడదు. అలా ఖాళీ అయిన కుర్చీని పక్క కుర్చీవాడి నెత్తిన పెట్టడాన్ని పూర్తి అదనపు బాధ్యత అంటారు.

రాజశేఖరం గారు లింగమూర్తిని పిలిచి చాలాసేపు ఆప్యాయంగా చూశారు. "మీకు ఏదైనా సంఘం ఉందా?"

"లేదండి."

"ధర్నా చేసేవాళ్ళు? కోర్టుకెళ్ళేవాళ్ళు?"

"మా ఆవిడ ఒక్కతే ఉందండి. ఆవిడ కేదారం వెళ్తానంటోంది."

"భేష్. ఆఖరి స్థానానికి మీకు అదనపు బాధ్యత ఇస్తున్నాను. తాత్కాలికమే. సభ అవగానే ఆలోచిద్దాం. సెలవు మీద కూడా సభ మర్నాడే సంతకం."

లింగమూర్తి ఒక్క క్షణం ఆలోచించాడు. ఆఖరంటే ఏముంది? ఎవరో ఒకరు ఉండాలిగా. పుట్టిన ఏడుగురిలోనూ తను ఆఖరివాడే, ఏం తక్కువైంది? సరేనన్నాడు.

విజయదశమి సభలో మంత్రిగారు జాబితా చదివారు. ఎనిమిది పార్టులు ప్రథమ స్థానం. ఆఖరి స్థానం శ్రీ మంథా లింగమూర్తి, సూపరింటెండెంటు, పూర్తి అదనపు బాధ్యత. ఎనిమిది సంఘాలూ ఒక్క గొంతుతో హర్షించడం అదే మొదటిసారి. నాలుగో పార్టువాళ్ళు వచ్చి ఆయనకి దండ కూడా వేశారు. "మీవల్లే సార్ మాకు న్యాయం జరిగింది!"

ఇంట్లో కనకవల్లి టీవీ చూస్తోంది. "అదేంటండీ, మీ పేరు ఆఖరున చదివారూ?"

"ఆఫీసు పనిలే. పెట్టె సర్దు."

మర్నాడు సెలవు ఉత్తర్వు వచ్చింది. లింగమూర్తి కళ్ళకద్దుకుని చదివాడు. చివర ఒక వాక్యం ఉంది. రెండు బాధ్యతలూ అప్పగించిన మీదట మాత్రమే సెలవు అమల్లోకి వస్తుంది.

సూపరింటెండెంటు బాధ్యత పక్క సెక్షను సుబ్బారాయుడు తీసుకున్నాడు. ఆఖరి స్థానం అనేసరికి కాగితం మీంచి చెయ్యి తీసేశాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. మావాడికి పిల్లని చూస్తున్నాం. ఈ టైములో నేను అధికారికంగా ఆఖరని తెలిస్తే..."

లింగమూర్తి ఝాన్సీని అడిగాడు. ఆమెది కాంట్రాక్టు, బాధ్యత తీసుకునే అర్హత లేదు. ఇన్నాళ్ళూ ఆ అర్హత లేదని ఏడ్చేది, ఆ రోజు మాత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంది. లింగమూర్తి సిగ్గు విడిచి రాజశేఖరం గారినే అడిగాడు.

"నేను తీసుకునేవాణ్ణే. కానీ నా ప్రమోషను పైన పెండింగులో ఉంది. ఈ సమయంలో ఆఖరంటే పైకి తప్పుడు సంకేతం వెళ్తుంది."

చివరికి అటెండరు అప్పలసామి దగ్గరకి వెళ్ళాడు. అప్పలసామి తల గోక్కున్నాడు. "నానెలాగూ ఆకరే కదండీ బాబూ. మళ్ళీ కాయితం మీదెందుకండీ?"

అలా ఆయన ఆఫీసంతా తిరిగాడు. ఆ మేడలో ఎవరికి వారికి తమ కింద ఇంకొకడున్నాడన్న ధైర్యం ఉంది. ఆ ధైర్యం ఒక్కటే వాళ్ళని రోజూ ఆఫీసుకి తీసుకొస్తోందని లింగమూర్తికి అప్పుడు తెలిసింది. శివయ్యా, తన కింద ఎవరూ లేకుండా మనిషి బతకలేడా, అనుకున్నాడు.

బండి ఆ మర్నాడే. అది తప్పితే దీపావళి లోపల మళ్ళీ టిక్కెట్లు లేవు. రాత్రి అన్నం ముందు కూర్చుని లింగమూర్తి తల దించుకున్నాడు. "అప్పగించడానికి మనిషి దొరకలేదే. ఈ ఏడు కూడా..."

కనకవల్లి మజ్జిగ పోసింది. పొద్దున్నే చీర మార్చుకుని, మోకాళ్ళు పట్టుకుని రెండంతస్తులు ఎక్కి, నేరుగా రాజశేఖరం గారి గదిలోకి వెళ్ళింది. వెనకాలే లింగమూర్తి.

"అన్నయ్యగారూ, ఈయన ఆఖరు అని మీరే కదా రాసిచ్చారు?"

"అవునమ్మా. తాత్కాలికంగా."

"ఆఖరివాడు కుర్చీలో కూర్చుంటేనే ఆఖరా? బజారుకెళ్తే ఆఖరు కాదా?"

"ఎక్కడున్నా ఆఖరేనమ్మా. ఉత్తర్వు అది."

"అయితే కేదారంలో ఉన్నా ఆఖరేగా! ఇంకొకరికి అప్పగించడం ఎందుకు? ఆయన ఆఖరుతనం ఆయన వెంట తీసుకుపోతాడు. ఇక్కడెవరికీ అడ్డం రాకుండా పోతుంది."

రాజశేఖరం గారు జీవో తీసి తిప్పారు. మొదటికి, చివరికి, మళ్ళీ మొదటికి. ఆఖరి స్థానానికి ప్రధాన కార్యాలయం ఎక్కడో అందులో రాయలేదు. ఆయన ముఖంలో నోషనల్ సీనియారిటీ నాటి కాంతి మళ్ళీ వచ్చింది.

"స్థానానికి స్థలం నిర్ణయించబడలేదు! కాబట్టి బాధ్యుడు ఎక్కడుంటే అదే కార్యాలయం. లింగమూర్తిగారూ, ఆ బాధ్యత వరకు మీకు సెలవు కాదు. క్యాంపు. క్యాంపు స్థలం కేదారం. బాధ్యత అప్పగింత పత్రం వెంట పెట్టుకోండి. దారిలో అర్హులెవరైనా దొరికితే సంతకం తీసుకోండి."

"అర్హతలేమిటండీ?"

"మీ తరవాత ఉండటం."

కేదారంలో చలి ఎముకల్లో దూరింది. కనకవల్లి సగం దారి గుర్రం మీద, సగం దారి పంచాక్షరి మీద ఎక్కింది. కోతి టోపీ, రెండు శాలువాలు, ఎర్రబడిన ముక్కు. గుడి గోపురం మంచులో కనపడగానే ఆ ముక్కు ఇంకా ఎర్రబడింది. లింగమూర్తి ఆమె మోకాళ్ళ వంక చూడలేకపోయాడు. ఆమె గోపురం తప్ప ఏమీ చూడటం లేదు.

పాసులున్నవాళ్ళది ఒక వరస. ప్రత్యేక పూజ వాళ్ళది ఒక వరస. ఏమీ లేనివాళ్ళది ఒక వరస. అది కొండ మలుపు దాకా ఉంది. పైన బూడిద పూసుకుని కూర్చున్న స్వామికి ఈ మూడు వరసల సంగతి ఎవరైనా చెప్పారో లేదో, అనుకుంటూ లింగమూర్తి మూడోదానికి తోక వెతుక్కుంటూ వెళ్ళి నిలబడ్డాడు. అధికారికంగానూ, అసలుగానూ ఆఖరివాడు.

వెనక అడుగుల చప్పుడు. పంచె మీద స్వెట్టరు, మెడలో తువ్వాలు. మన మనిషే. పాలకొండ దగ్గర రైతట, పెళ్ళాన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు.

"బాబూ, నైనులో ఆకరు మీరేనేటి?"

"ఇప్పటి దాకా నేనేనండి," అన్నాడు లింగమూర్తి.

"మరైతే మీ ఎనక మావు."

లింగమూర్తి సంచీలోంచి పత్రం తీశాడు. అడగలేక మళ్ళీ లోపల పెట్టబోయాడు. కనకవల్లి మోచేత్తో పొడిచింది. "అన్నగారూ, ఇక్కడొక సంతకం పెడతారా? మీరేమీ ఇచ్చుకోనక్కర్లేదు, పుచ్చుకోనక్కర్లేదు. ఈ వరసలో ఆఖరు మీరని, అంతే."

రైతు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందాకట్నుంచీ ఆ సామిని చూస్తే సాలనుకుంటన్నాం. ముందైతే ఏటి, ఆకరైతే ఏటి? తేండి పెన్ను." గోడకి ఆనించి, నాలుక బయటపెట్టి, పూర్తి పేరు రాశాడు.

రాసి తలెత్తేసరికి అతని వెనక ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని నిలబడింది. రైతు పత్రం వంక చూశాడు, ముసలమ్మ వంక చూశాడు. "ఇది మీదేనమ్మా," అని చేతిలో పెట్టాడు. ఆమెది ఏ దేశమో, ఏ భాషో. ప్రసాదమనుకుందేమో, కళ్ళకద్దుకుంది; పెన్ను చూసి, వేలిముద్రకనుకుని వేలు చాచింది. ఆమె వెనక ఎవరో సిక్కు కుర్రాడు వచ్చి చేరాడు.

వరస కదిలింది. లోపల చీకటి, నేతి వాసన, చల్లటి రాయి. కనకవల్లి ఆ రాయికి నుదురు ఆనించింది. పూజారి జరగండి జరగండి అంటున్నా జరగలేదు. లింగమూర్తి ఆమె వెనక నిలబడి, అడ్డంగా, తోసేవాళ్ళని ఆపాడు. జీవితంలో మొదటిసారి ఒక వరసని ఆపాడాయన.

బయటికి వచ్చేసరికి ఫోను మోగింది. రాజశేఖరం గారు.

"లింగమూర్తిగారూ, ఆఖరి బాధ్యత ఎవరికైనా అప్పగించారా? మంత్రిగారు అడుగుతున్నారు. పేరు చెప్పండి, ఫైల్లో రాయాలి."

లింగమూర్తి కొండ మలుపు వైపు చూశాడు. పత్రం ఎక్కడా కనపడలేదు, తన పెన్ను కూడా. చేతి నుంచి చేతికి మంచులోకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు.

"అప్పుడే రాయకండి సార్," అన్నాడు. "వరస ఇంకా పెరుగుతోంది."